పాత క్లాసిక్ బోర్ కొట్టిందని రివ్యూలో రాయవచ్చా?

మీ ప్రశ్నని కుదించి చెప్పుకుంటే ఇదీ: "ఏడాదిగా సినిమా రివ్యూలు రాస్తున్నాను. కొత్త సినిమా అయితే చూసొచ్చిన రాత్రే రాసేస్తాను. ఈమధ్య దేశదేశాల క్లాసిక్స్ మీద రాద్దామని మొదలుపెట్టాను. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' నలభై నిమిషాలకే బోర్ కొట్టింది. ఆ మాట రాస్తే సినిమా తెలియనివాడంటారు. గొప్పగా ఉందని రాస్తే అబద్ధం. కొత్త సినిమాకీ డెబ్బై ఏళ్ళ కిందటి సినిమాకీ ఒకే కొలత పెట్టాలా, వేరు వేరు కొలతలా?"

ముందు సూటిగా సమాధానం. బోర్ కొట్టిందని నిక్షేపంగా రాయండి. కాకపోతే ఎక్కడ కొట్టిందో, ఆ సమయానికి తెర మీద ఏం జరుగుతోందో కూడా రాయండి. అది లేకుండా ఉత్త బోర్ అంటే చదివేవాడికి మీ మూడ్ తెలుస్తుందే తప్ప సినిమా తెలియదు. ఇక కొలత అంటారా, ఒకటే: తెర మీద ఏముంది, అది నన్నేం చేసింది. మారేదల్లా చూడకముందూ చూశాకా మనం పడాల్సిన శ్రమ. కొత్త సినిమాకి ఒక రకం జాగ్రత్త కావాలి, పాతదానికి ఇంకో రకం, మనకు రాని భాషలో తీసినదానికి మరో రకం.

పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్నాను. మొదటి ఐదారేళ్ళలో రాసినవి ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. కింద చెప్పేవి ఎక్కువగా ఆ తప్పుల్లోంచి నేర్చుకున్నవే.

మీరు చెప్పిన సినిమాతోనే మొదలుపెడతాను. నేను కూడా బోల్తా పడింది దాని దగ్గరే. 1953 నాటి ఆ సినిమా మొదటిసారి చూసినప్పుడు నాకూ నిద్ర ముంచుకొచ్చింది. ముసలి దంపతులు ఊరి నుంచి టోక్యోలో పిల్లల దగ్గరికి వెళ్తారు, పిల్లలకి తీరిక ఉండదు, తిరిగి వచ్చేస్తారు. కెమెరా దాదాపు కదలదు. నేల మీద కూర్చున్నవాళ్ళ కంటే కూడా కిందుగా ఎక్కడో పెట్టి అలా వదిలేసినట్టు ఉంటుంది. నాకేమీ అందలేదు. కానీ రివ్యూలో మాత్రం "మానవ సంబంధాలను హృద్యంగా ఆవిష్కరించిన కళాఖండం" అని రాసి చేతులు దులుపుకున్నాను. ఆ వాక్యం ఏ సినిమాకి అతికించినా అతుకుతుంది. అప్పుడు నాకది తట్టలేదు.

దాని కింద ఒక పాఠకుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "మీకు బాగా నచ్చిన సీన్ ఏది?" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. జవాబు లేదు నా దగ్గర. ఒక్క సీన్ కూడా గుర్తు లేదు. రెండు రోజులు ఆ ప్రశ్నని తప్పించుకు తిరిగి, చివరికి సినిమా మళ్ళీ పెట్టాను.

ఈసారి మొదటి పది నిమిషాల్లోనే ఒకటి దొరికింది. ప్రయాణానికి సర్దుకుంటూ ఉంటారు దంపతులు. గాలి ఊదుకునే దిండు కనపడదు. నీకే ఇచ్చానంటాడు భర్త. నా దగ్గర లేదంటుంది భార్య. నీ దగ్గరే ఉండాలంటాడాయన. ఈ మధ్యలో కిటికీ పక్కన పొరుగావిడ ఆగి, మీకేమండీ, ప్రయోజకులైన పిల్లలున్నారని పలకరించి పోతుంది. ఆవిడ వెళ్ళాక మళ్ళీ దిండు గొడవ. చివరికి అది ఆయన సామానులోనే దొరుకుతుంది. భార్య ఒక్క మాట దెప్పదు. అంతే సీన్. మొదటిసారి నేను దీన్ని చూసి కూడా చూడలేదు.

ఇక సినిమా ఆఖర్లో అదే గది, అదే చోటు, అదే కిటికీ. ఆయన ఒక్కడే కూర్చుని ఉంటాడు. అదే పొరుగావిడ ఆగి పలకరిస్తుంది. ఇలా అవుతుందని తెలిస్తే బతికుండగా భార్యతో ఇంకాస్త దయగా ఉండేవాడినంటాడు ఆయన. ఆ మాట ఎక్కడ తగులుతుందంటే, దిండు దగ్గర. రెండు గంటల కిందట భార్య మీద ఊరికే నెట్టేసిన ఆ చిన్న నింద దగ్గర. సినిమాలో ఎవరూ దాన్ని గుర్తు చేయరు. వెనకటి సీన్ చూపించరు, సంగీతం పెంచరు. గుర్తుంచుకునే పని మనదే.

ఇప్పుడు ఆ సినిమా మీద రాయమంటే "హృద్యంగా ఆవిష్కరించిన" జోలికి పోను. దిండు గురించి రాస్తాను. చదివినవాడికి సినిమా నచ్చుతుందో లేదో వాడే తేల్చుకుంటాడు.

అందుకే నా మొదటి నియమం: ఒక్క సీన్ అయినా చదివేవాడికి కనపడేలా రాయలేకపోతే, ఆ సినిమా మీద తీర్పు చెప్పడానికి నేనింకా సిద్ధంగా లేనట్టే. పొగడ్తకైనా తిట్టుకైనా ఇదే వర్తిస్తుంది.

ఇది చేతికి రావాలంటే నోట్స్ రాసుకునే పద్ధతి మార్చుకోవాలి. కొత్తలో నా నోట్స్ నిండా విశేషణాలే: బాగుంది, అతి, స్లో, సూపర్. ఇంటికొచ్చాక వాటిలోంచి ఏమీ పిండలేం. ఇప్పుడు కనపడిందీ వినపడిందీ మాత్రమే రాసుకుంటాను. "తలుపు వేసినా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి." "మూడోసారి అదే మెట్లు, ఈసారి ఒంటరిగా." "నవ్వింది, కళ్ళు నవ్వలేదు." పక్కన సుమారుగా ఎన్నో నిమిషమో. అలాగే నేను సీట్లో అటూ ఇటూ కదిలినప్పుడు, ఫోన్ మీదకి చెయ్యి పోయినప్పుడు ఒక చిన్న గీత పెడతాను. చీకట్లో రాయడం వల్ల సగం అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, అయినా పనికొస్తాయి. ఆ గీతలే మీ బోర్‌కి సాక్ష్యం. అన్నీ ఒకేచోట గుంపుగా ఉంటే అక్కడ సినిమాలో ఏదో ఉంది, లేదా ఏదో లేదు. మొదటి నుంచి చివరిదాకా సమానంగా పరుచుకుని ఉంటే మాత్రం ఆ రోజు మీరే అలసిపోయి ఉన్నారేమో చూసుకోండి. నాకు రెండూ జరిగాయి.

బోర్ గురించి ఇంకొక్క మాట. కొందరు దర్శకులు దాన్ని కావాలనే వాడతారు. శాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ డీల్‌మాన్' 201 నిమిషాల సినిమా. ఒక గృహిణి మూడు రోజుల దినచర్య. గిన్నెలు తోమడం, పక్క సర్దడం, బంగాళాదుంపల చెక్కు తీయడం, అన్నీ జరిగినంతసేపూ చూపిస్తుంది. గంట గడిచేసరికి ఆ ఇంట్లో ఏ పని తర్వాత ఏది వస్తుందో మనకి కంఠతా వచ్చేస్తుంది. అప్పుడు రెండో రోజు ఆమె బంగాళాదుంపలు ఎక్కువగా ఉడికించేస్తుంది. కథగా చెబితే ఇదేం సంఘటన అంటారు. అక్కడ కూర్చుని చూసినవాడికి మాత్రం గుండె జారుతుంది, ఏదో తేడా జరిగిపోయిందని. కాబట్టి బోర్ కొట్టినప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఈ ఓపికకి తర్వాత ఏమైనా ముట్టిందా అని. ముట్టలేదనిపిస్తే అదే రాయండి. ఈ సినిమాలో నాకు ముట్టింది, నాతో చూసిన స్నేహితుడికి ముట్టలేదు. అతనికి సినిమా తెలియదని నేను అనను.

మీ రివ్యూల లింకులు కూడా ఇచ్చారు కాబట్టి చూశాను. కథ, నటన, సంగీతం, కెమెరా, ఎడిటింగ్ అని ఐదు పేరాలు, ప్రతిదానికీ ఒక మార్కు. అలవాటుగా అందరం చేసేదే. చిక్కేమిటంటే సినిమాలో ఇవేవీ విడివిడిగా ఉండవు.

'సిటిజన్ కేన్' (1941) తీసుకోండి. డీప్ ఫోకస్ (దగ్గరిదీ దూరానిదీ ఒకేసారి స్పష్టంగా కనపడేలా తీయడం) అద్భుతం, కెమెరామన్ గ్రెగ్ టోలండ్ గొప్ప పనితనం అని ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. చదివేవాడికి దానివల్ల ఏం ఒరిగింది? దానికి బదులు ఆ ఇంటి సీన్ చెప్పండి. పిల్లవాడు బయట మంచులో ఆడుకుంటూ ఉంటాడు. కెమెరా కిటికీ నుంచి వెనక్కి వెనక్కి లోపలికి వస్తుంది. బల్ల దగ్గర తల్లి కాగితాల మీద సంతకం పెడుతుంది, పిల్లవాణ్ణి వేరేవాళ్ళ పెంపకానికి అప్పగిస్తూ. తండ్రి వద్దంటూ గొణుగుతూ ఉంటాడు. ఇంతసేపూ వెనక కిటికీ చట్రంలో ఆ పిల్లవాడు స్పష్టంగా కనపడుతూనే ఉంటాడు, అరుస్తూ, ఆడుకుంటూ, తన సంగతే లోపల తేలిపోతోందని తెలియకుండా. దగ్గర ఉన్న కాగితమూ దూరాన ఉన్న పిల్లవాడూ ఒకే ఫ్రేమ్‌లో అంత స్పష్టంగా ఉండబట్టే ఆ సీన్ అలా గుచ్చుతుంది. ఇంత చెప్పాక డీప్ ఫోకస్ అన్న మాట వాడినా సరే, వాడకపోయినా సరే.

సంగీతం కూడా అంతే. 'పథేర్ పాంచాలి' (1955)లో చాలా రోజులకి ఇంటికొచ్చిన తండ్రి, సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి చూపిస్తూ కూతురికి తెచ్చిన చీర తల్లి చేతికిస్తాడు. కూతురు చనిపోయిందని ఆయనకి తెలియదు. తల్లి భోరుమంటుంది. కానీ ఆమె గొంతు మనకి వినపడదు. ఆ ఏడుపు ఉండాల్సిన చోట తార్ షెహనాయి అనే తీగల వాద్యం పెట్టారు సత్యజిత్ రాయ్, రవిశంకర్. "నేపథ్య సంగీతం సన్నివేశాలను ఎలివేట్ చేసింది" అనే వాక్యంలో ఇది ఎక్కడ పడుతుంది చెప్పండి?

నటన గురించి రాయడం ఇంకా కష్టం. మనకు బాగా తెలిసిన 'మాయాబజార్' (1957)తోనే సాధన చేయమంటాను. చిన్నప్పటి నుంచి చూసి చూసి మనం దాన్ని చూడడం మానేశాం. సావిత్రి బాగా చేసిందని అందరూ అంటారు. ఏం చేసింది? శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా చేసింది. అంటే ఆడపిల్ల ఒంట్లో ఒక మగరాక్షసుడు. ఎవరూ చూడనప్పుడు నడకలో, భుజాల్లో, చూపులో ఎస్వీ రంగారావు దిగుతాడు. ఎవరైనా వస్తున్నారంటే చటుక్కున సిగ్గుపడే పెళ్ళికూతురైపోతుంది. 'అహ నా పెళ్ళియంట' పాటలో గొంతు కూడా మధ్యలో ఘంటసాలది అయి మళ్ళీ సుశీలది అవుతుంది. ఆ మారే క్షణాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి కాగితం మీద రాసి చూడండి. ఆ తర్వాత ఏ దేశపు నటుడి గురించైనా "జీవించేశాడు" అని రాయడానికి మీకే మొహమాటం వేస్తుంది.

ఇక పాత సినిమాలకి ప్రత్యేకంగా తీసుకోవాల్సిన జాగ్రత్తల్లో అన్నిటికంటే ముందుది మీరు చూస్తున్న ప్రింట్ ఏదో తెలుసుకోవడం. ఇది నాకు చాలా పరువు తక్కువగా తెలిసొచ్చింది. ఒక పాత యూరప్ సినిమా మీద, కథ మధ్యలో గెంతులు వేస్తుంది, ఒక పాత్ర చెప్పా పెట్టకుండా మాయమవుతుంది, దర్శకుడికి పట్టు లేదు అని దులిపేశాను. నేను చూసింది ఎవరో అమ్మకానికి కోసి కుదించిన డిస్క్. పూర్తి సినిమా అంతకంటే ఇరవై నిమిషాలు ఎక్కువ. ఆ పాత్రకి ఏమైందో ఆ ఇరవై నిమిషాల్లో ఉంది. ఇప్పుడు సినిమా పెట్టేముందు నిడివి చూసుకోకుండా మొదలుపెట్టను. నాలుగైదు నిమిషాల తేడా అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, కొన్ని దేశాల టీవీ పద్ధతిలో సినిమా నూటికి నాలుగు పాళ్ళు వేగంగా తిరుగుతుంది. అంతకు మించితే ఆరా తీయాలి.

ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపోలిస్' 1927లో విడుదలైన కొద్ది నెలలకే బాగా కోతపడింది. పోయిన భాగాలు ఇక దొరకవనే అనుకున్నారు. 2008లో బ్యూనస్ ఐరిస్‌లో ఒక 16 ఎంఎం కాపీ బయటపడింది. దాని నుంచి దాదాపు 25 నిమిషాలు తిరిగి చేర్చి 2010లో విడుదల చేశారు. అంతకుముందు దశాబ్దాల పాటు ఆ సినిమా కథ గందరగోళంగా ఉందని రాసినవాళ్ళు నిజంగా గందరగోళంగా ఉన్న సినిమానే చూశారు. 'బ్లేడ్ రన్నర్'ది ఇంకో రకం. 1982లో హీరో గొంతుతో వ్యాఖ్యానం, చివర్లో సుఖాంతం ఉన్నాయి. 1992 వెర్షన్‌లో రెండూ తీసేశారు. 2007లో మరొకటి వచ్చింది. ముగింపు బాగాలేదని మీరు రాస్తే ఏ ముగింపు అని అడుగుతారు.

మూకీలు చూసేటప్పుడు అందరూ కీ ఇచ్చిన బొమ్మల్లా పరుగెడుతుంటే అది నటన తప్పు అయ్యే అవకాశం తక్కువ. సెకనుకి 16 నుంచి 20 ఫ్రేముల దగ్గర తీసినదాన్ని 24 ఫ్రేములతో తిప్పితే అలాగే ఉంటుంది. ఇక ఇంట్లో టీవీ. బొమ్మ కదలికని నునుపు చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయండి. అది ఉంటే ఏ క్లాసిక్ అయినా సీరియల్‌లా కనపడుతుంది. పాత సినిమాకి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే కంగారుపడి జూమ్ చేయకండి. ఆ కాలపు ఫ్రేమ్ దాదాపు చతురస్రంగా ఉండేది. జూమ్ చేస్తే పైనా కిందా తెగిపోతుంది. ఓజు సినిమాలో నేల తెగిపోతే ఇక మిగిలేదేముంది?

సబ్‌టైటిల్స్ సంగతి మన తెలుగువాళ్ళకి చెప్పడం తేలిక. ఒక సినిమాలో హీరోయిన్ మూడు సీన్ల పాటు "మీరు" అని, నాలుగో సీన్లో "నువ్వు" అందనుకోండి. మనం సీట్లో సర్దుకుని కూర్చుంటాం. ఇంగ్లీష్ సబ్‌టైటిల్‌లో అన్నిచోట్లా "యూ" అనే ఉంటుంది. జపనీస్, కొరియన్, ఫ్రెంచ్ సినిమాలు చూసేటప్పుడు మనం ఆ "యూ" మాత్రమే చదివేవాళ్ళ వైపు కూర్చుంటున్నాం. అలాంటి మలుపులు ఎన్ని మన చెవి పక్కనుంచి పోతాయో లెక్కలేదు. వాంగ్ కార్-వై 'ఇన్ ది మూడ్ ఫర్ లవ్' (2000)లో ఇంటి యజమానురాలు షాంఘై యాసలో మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు కాంటొనీస్‌లో మాట్లాడతారు. షాంఘై నుంచి హాంకాంగ్ చేరినవాళ్ళ లోకం అది. సబ్‌టైటిల్‌లో రెండూ ఒకే ఇంగ్లీష్. కొన్నిచోట్ల అనువాదకులు కావాలనే మారుస్తారు. 'పారసైట్' (2019)లో దొంగ సర్టిఫికెట్ చూసి తండ్రి వేసే జోకులో అసలు ఉన్నది సియోల్ నేషనల్ యూనివర్సిటీ. ఇంగ్లీష్ సబ్‌టైటిల్‌లో ఆక్స్‌ఫర్డ్ అని పెట్టారు, బయటివాళ్ళకి ఆ పేరు బరువు తెలియాలని. మంచి నిర్ణయమే. అలాగని ఆ కుటుంబం ఇంగ్లండ్ చదువుల మీద మోజు పడుతోందని మీరు విశ్లేషణ రాస్తే మాత్రం నవ్వులపాలవుతారు. నేను దాదాపు ఆ పని చేయబోయాను, ఒక స్నేహితురాలు ఆపింది.

అందుకని భాష రానప్పుడు "డైలాగులు పేలవంగా ఉన్నాయి" అనే మాట నేను వాడను. ఎవరు ఎవరిని చూసి మాట్లాడుతున్నారు, ఎంతసేపు ఆగి జవాబిచ్చారు, గొంతు ఎక్కడ తగ్గింది అనేవి ఏ భాషలోనైనా తెలుస్తాయి. వాటి మీద రాస్తాను. వీలైతే సినిమా రెండుసార్లు చూసి, రెండోసారి కింద అక్షరాలు చదవడం తగ్గించి మొహాలు చూస్తాను.

చదవడం ముందా, చూడడం ముందా అని కూడా అడిగారు. ముందు చూడండి. ఆ దేశంలో అప్పుడు ఏం జరుగుతోంది, యుద్ధం అయి ఎన్నేళ్ళయింది, సెన్సార్ ఎలా ఉండేది అన్నవి నా నోట్స్ పూర్తయ్యాకే చదువుతాను. ముందే చదివితే పుస్తకంలో ఉన్నదాన్ని తెర మీద టిక్కులు పెట్టుకుంటూ కూర్చుంటాం. ఇతరుల రివ్యూలైతే నాది రాసేదాకా ముట్టను.

మీ అసలు భయం మాత్రం ఆ గొప్ప సినిమాల జాబితాల వల్ల వచ్చింది. ఆ జాబితాలు ఎలా మారుతూ వచ్చాయో చూస్తే కాస్త ధైర్యం వస్తుంది. 'సైట్ అండ్ సౌండ్' పత్రిక పదేళ్ళకోసారి విమర్శకుల ఓటింగ్ పెడుతుంది. 1952లో మొదటి స్థానం 'బైసికిల్ థీవ్స్'ది. 1962 నుంచి 2002 దాకా ప్రతిసారీ 'సిటిజన్ కేన్'. 2012లో 'వెర్టిగో', 2022లో 'జాన్ డీల్‌మాన్'. 'వెర్టిగో' 1958లో వచ్చింది, కానీ 1962లోనూ 1972లోనూ మొదటి పదిలో కూడా లేదు. జాన్ రెన్వార్ 'ది రూల్స్ ఆఫ్ ది గేమ్' 1939లో పారిస్‌లో ఎంత ఘోరంగా తిరస్కరణకి గురైందంటే, ఆయనే దాన్ని కోసి కుదించుకున్నాడు. 1959లో మళ్ళీ జోడిస్తేగానీ పూర్తి రూపం కనపడలేదు. చార్ల్స్ లాటన్ 1955లో తీసిన 'ది నైట్ ఆఫ్ ది హంటర్' అప్పుడు ఆడలేదు, ఆయన ఇంకో సినిమాకి దర్శకత్వం వహించనే లేదు. మీరు చూసిన 'టోక్యో స్టోరీ'కి 2012లో దర్శకుల ఓటింగ్‌లో మొదటి స్థానం వచ్చింది. ఇంతమంది దర్శకులు అందులో ఏం చూశారా అని కుతూహలపడడానికి జాబితా పనికొస్తుంది. తల ఊపడానికి పనికిరాదు.

పాత సినిమాల్లో మనకి మింగుడుపడని విషయాలు ఉంటాయి. అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' (1915) కూర్పులో, అంటే ఎడిటింగ్‌లో, ఎంత చురుకుదనం ఉందో, నల్లవాళ్ళ మీద అంత విషం ఉంది, నల్లవాళ్ళ మీద దాడులు చేసిన తెల్లవాళ్ళ ముఠా కూ క్లక్స్ క్లాన్‌ని వీరులుగా చూపిస్తుంది. "ఆ కాలం అలాంటిది" అని దాటేయకండి. ఆ కాలంలోనే దాని మీద నిరసనలు జరిగాయి. రెండూ రాయాలి. ఆ చురుకైన కూర్పు ఆ విషాన్ని ఎంత తేలిగ్గా గొంతు దింపుతుందో కూడా రాయాలి.

కొత్త సినిమాల విషయానికొస్తే ఇబ్బంది తలకిందులుగా ఉంటుంది. పాతదానికి చుట్టూ మాటలు ఎక్కువైపోయి చూడలేం. కొత్తదానికి మన చేతిలో ఏమీ ఉండదు, చుట్టూ ఈలలూ విసుగులూ తప్ప. అవి మనకి అంటుకుంటాయి. రెండు వైపులా. 1967లో 'బోనీ అండ్ క్లైడ్' వచ్చినప్పుడు 'న్యూస్‌వీక్' సమీక్షకుడు జో మోర్గెన్‌స్టెర్న్ దాన్ని తీసిపారేశాడు. తర్వాత మామూలు ప్రేక్షకుల మధ్య కూర్చుని మళ్ళీ చూసి, మరుసటి వారమే అదే పత్రికలో నా మొదటి రివ్యూ తప్పని ఇంకో రివ్యూ రాశాడు. నాకు ఆయన మీద గౌరవం. ఇంకో పక్క అమెరికన్ విమర్శకురాలు పాలీన్ కేల్ ఉంది, ఏ సినిమా అయినా ఒకసారే చూస్తానని చెప్పుకునేది. అలా చూసి రాయగల జ్ఞాపకశక్తి నాకు లేదు. మీకుంటే మంచిదే.

నా పద్ధతి చెబుతాను: చూసొచ్చిన రాత్రి నోట్స్ మాత్రం శుభ్రంగా రాసుకుని పడుకుంటాను. తెల్లారాక నోట్స్ చూడకుండా గుర్తొచ్చినవి ఒక కాగితం మీద రాస్తాను. హాల్లో అరిచి గోల చేసినవి చాలా వరకు పొద్దునకి పోతాయి. గుర్తే ఉండదనుకున్న ఏదో చిన్న చూపు మిగులుతుంది. రివ్యూ దాంతో మొదలుపెడతాను. ఇంటర్వెల్‌లో ఫోన్ తీసి తీర్పు పెట్టేవాళ్ళని చూస్తే టెన్షన్ వస్తుంది నాకు.

స్పాయిలర్ల గురించి క్లుప్తంగా. హిచ్‌కాక్ 1960లో 'సైకో'కి విమర్శకులకి ముందుగా షో వేయలేదు, సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకి షరతు పెట్టాడు. హీరోయిన్ అనుకున్న మనిషి సగం కాకముందే పోతుంది కాబట్టి. (చూడనివాళ్ళు ఇంకా ఉంటే క్షమించాలి, అరవై ఏళ్ళు దాటింది.) కొత్త సినిమాకి నేను మొదటి అరగంట దాటి కథ చెప్పను. మలుపు గురించే రాయక తప్పదనిపిస్తే విడిగా ఇంకో వ్యాసం రాస్తాను. "క్లైమాక్స్ ట్విస్ట్ ఊహించలేరు" అనడం కూడా చెప్పడమే, అది విన్నవాడు మొదటి నుంచీ దాన్నే వెతుకుతూ కూర్చుంటాడు. క్లాసిక్‌కైతే ముగింపుతో సహా చెప్పవచ్చు, కానీ మొదటి లైన్లోనే హెచ్చరించండి.

మార్కులు, స్టార్లు ఇవ్వాలా అంటే, మీ ఇష్టం. నేను మానేశాను. ఒకే మూడు స్టార్లు ఒక ఘనమైన వైఫల్యానికీ, నీటుగా తీసిన కాలక్షేపానికీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు చిరాకేసి మానేశాను. ఇతరుల అంకెలు చూసేటప్పుడు మాత్రం అవి ఏం చెబుతున్నాయో తెలుసుకోండి. సమీక్షలని లెక్కగట్టే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో 95 శాతం అంటే నూటికి 95 మంది సమీక్షకులు ఎంతో కొంత మేలుగా మాట్లాడారని అర్థం, సినిమాకి వందకి 95 మార్కులని కాదు. ఫర్వాలేదని వంద మంది అన్నా నూరు శాతమే వస్తుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని. 'టోక్యో స్టోరీ' మీద రివ్యూ రాసేయండి, బోర్ కొట్టిన నలభయ్యో నిమిషంతో సహా. ఆ సమయానికి తెర మీద ఎవరున్నారో, మీరు దేని కోసం ఎదురుచూస్తున్నారో రాయండి. అది దాచుకోండి, పోస్ట్ చేసినా తప్పులేదు. ఒక నెల పోయాక సినిమా మళ్ళీ పెట్టండి. దిండు సంగతి నేను ముందే చెప్పేశాను కాబట్టి అది మీకు దొరికినట్టు కాదు, వేరేది వెతుక్కోవాలి. ఒక చిన్న ఆధారం ఇస్తాను: సర్దుకోవడం అయ్యాక టోక్యో పొగగొట్టాలు కనపడతాయి. మధ్యలో అంత పెద్ద రైలు ప్రయాణం ఏమైంది? ఈ సినిమాలో రైలు లోపల ఎవరు కూర్చుని కనపడతారో, అది ఎప్పుడో చూసి వచ్చి ఇక్కడే రాయండి.